కరువులో నదిలోకి ఎక్కే ఉప్పునీళ్లు: సాగర్ నీళ్లు ఇడిస్తే ఎంత ఆగుతది, గేట్లతోని ఎంత ఆగుతది?

హాలియా_ఎడమకాల్వ · #1

అందరికీ నమస్తే. సాగర్ మట్టం 510 అడుగుల కనీస మట్టం దిక్కు జారుతున్నదంటే చాలు, మా ఆయకట్టుల ఒక్కటే ముచ్చట. ఎడమ కాల్వకు ఆన్ ఆఫ్ (కొన్ని దినాలు ఇడిసి, కొన్ని దినాలు బంద్) పెట్టి, కింద డెల్టాల ఉప్పునీళ్లు ఎగదన్నకుండ నదిలకు నీళ్లు ఇడుస్తున్నరని ఒకలంటరు. సముద్రంల కలిసే నీళ్లన్నీ దండగే అని ఇంకొకలంటరు. రెండు మాటలూ లెక్క లేకుండనే నడుస్తున్నయి.

కరువుల సముద్రపు నీళ్లు నదిల ఎంత దూరం ఎక్కుతయి, ఎందుకు ఎక్కుతయి? ఆపాలంటే నీళ్లే ఇడవాల్నా, వేరే ఉపాయం ఉన్నదా? ఇడిస్తే ఎన్ని క్యూసెక్కులు? తెలిసినోళ్లు అంకెలతోని చెప్పున్రి. రాజకీయం వద్దు, నీళ్ల లెక్కే మాట్లాడుదాం.

వాడపల్లి_సంగమం · #2

తమ్మీ, ముందు ఎత్తులు చూస్తే సగం గొడవ తేలిపోతుంది. ప్రకాశం బ్యారేజీ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 57.05 అడుగుల ఎత్తున ఉంది. తూర్పు, పశ్చిమ డెల్టా కాలువలు రెండూ అక్కడే మొదలు. కృష్ణ సముద్రంలో కలిసే చోట పోటు గట్టిగా వచ్చినా మీటరు, మీటరున్నర. అంటే సముద్రపు ఉప్పు బ్యారేజీ ఎక్కి కాలువల్లో పడే ప్రసక్తే లేదు. తుపాను ఉప్పెన సంగతి వేరు, అది కూడా బ్యారేజీ దాకా రాదు. సాగర్ నుంచి వేసవిలో దిగే నీళ్లు 115 కిలోమీటర్లు ప్రయాణించి పులిచింతల చేరతాయి, అక్కడి నుంచి ఇంకో 85 కిలోమీటర్లు పోతే బ్యారేజీ. అవి బ్యారేజీ వెనక మట్టం నిలబెట్టడానికి, కాలువల ద్వారా తాగునీటి చెరువులు నింపడానికి. ఉప్పును తరమడానికి వదిలే నీళ్లు కావు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడితే ఏ లెక్కా కుదరదు.

మరి ఉప్పు ఎక్కడ ఎక్కుతుంది? ఒకటి, బ్యారేజీ కింద నది పాయల్లో: అవనిగడ్డ, నాగాయలంక, పులిగడ్డ దిక్కు. రెండు, మురుగు కాలువల్లో. నల్లమడ, తుంగభద్ర (నది కాదు, అదే పేరున్న డ్రెయిన్) లాంటి పెద్ద డ్రెయిన్లు నేరుగా సముద్రం వైపు తెరుచుకుని ఉంటాయి. పొలాల నుంచి మురుగు తగ్గిన నెలల్లో వాటిలో పోటు నీరు ఎదురెక్కుతుంది. కొల్లేరుకు ఉప్పుటేరు కూడా అంతే. సరస్సు మట్టం పడిపోతే సముద్రం నుంచి నీరు వెనక్కి నడుస్తుంది. మూడు, భూగర్భ జలం. ఇది కంటికి కనబడదు, ఒకసారి ఎక్కితే దిగడానికి ఏళ్లు పడుతుంది. తీరప్రాంతపు ఇసుక పొరల్లో మంచినీటి మట్టం సముద్రమట్టానికి పైన ఒక్క మీటరు ఉంటే, దాని కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు నిలుస్తుంది. బోర్లతో తోడి ఆ ఒక్క మీటరులో అర మీటరు తగ్గిస్తే కింద ఉప్పునీరు 20 మీటర్లు పైకి వస్తుంది. అందుకే డెల్టాలో కాలువ చివర నీళ్లు అందక రైతు బోరు వేస్తే ఆ నష్టం ఆ ఒక్క ఏడుతో పోదు.

ఎందుకు ఎక్కుతుంది అన్నావు. సముద్రపు నీటి సాంద్రత ఘనపు మీటరుకు 1025 కిలోలు, నది నీటిది 1000. బరువైనది అడుగున దూరుతుంది. లోతైన నదుల్లో అడుగున ఉప్పునీరు మేకులా ఎగువకు చొచ్చుకుపోతే, పైన మంచినీరు సముద్రం వైపే పోతుంటుంది. ఒడ్డున నిలబడి పైనీళ్లు రుచి చూసి ఉప్పు లేదనుకుంటే మోసపోతాం. లోతు తక్కువైన, ప్రవాహం దాదాపు లేని పాయల్లో మాత్రం ఆటుపోట్లే కలియబెట్టేసి పైనుంచి కిందిదాకా ఒకే ఉప్పు ఉంటుంది. వేసవిలో కృష్ణ కింది పాయలు ఈ రెండో రకానికే దగ్గర. ఏ రకం అన్నదాన్ని బట్టే మందు.

పాలమూరు_నీటిలెక్క · #3

క్యూసెక్కుల లెక్క నేను చెప్తా. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపు అడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు. రోజంతా 11,574 క్యూసెక్కులు వదిలితే ఒక టీఎంసీ. 1,000 క్యూసెక్కులు పది రోజులు వదిలితే 0.86 టీఎంసీ. ఈ రెండు అంకెలు చేతిలో పెట్టుకుంటే పేపర్ల వచ్చే ఏ వార్తనైనా తూచొచ్చు.

అమెరికాలో మిసిసిపీ ప్రవాహం 3 లక్షల క్యూసెక్కుల కిందికి పోతే సముద్రపు ఉప్పు అడుగున ఎగువకు నడవడం మొదలుపెడుతుంది. 3 లక్షల క్యూసెక్కులంటే రోజుకు దాదాపు 26 టీఎంసీలు. నిండు సాగర్ 312 టీఎంసీలు. ఆ నది మట్టుకు చూస్తే మన సాగర్ మొత్తం పన్నెండు రోజుల నీళ్లు. అంత పెద్ద నదిలో నీళ్లు వదిలి ఉప్పును ఆపే ఆలోచన ఎవరూ చేయరు. అదే డెలావేర్ నదిలో కుదురుతుంది. అక్కడ ట్రెంటన్ దగ్గర మామూలు రోజుల లక్ష్యం 3,000 క్యూసెక్కులు, అంటే నెలకు 7.8 టీఎంసీలు. ఎగువ రిజర్వాయర్ల నుంచి వదిలి దాన్ని నిలబెడతారు. 1960ల కరువులో లీటరుకు 250 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉన్న ఉప్పు ముఖం అక్కడ నది మూతి నుంచి 102వ మైలు దాకా ఎక్కింది. ఫిలడెల్ఫియా తాగునీరు తోడే చోటు 110వ మైలు. ఎనిమిది మైళ్ల తేడాతో బతికిపోయారు.

అసలు గుర్తుపెట్టుకోవాల్సింది వేరే ఉంది. నీళ్లు రెట్టింపు చేస్తే ఉప్పు సగం దూరం వెనక్కి పోదు. సిద్ధాంతం ప్రకారం చొరబాటు దూరం ప్రవాహపు ఘనమూలానికి విలోమంగా తగ్గుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో కొలిచి చూస్తే అంతకన్నా మొండి, ఏడో మూలం. 40 కిలోమీటర్లు ఎక్కిన ఉప్పును తీసుకోండి. ప్రవాహం రెట్టింపు చేస్తే మొదటి లెక్కన 32 కిలోమీటర్లకు, రెండో లెక్కన 36 కిలోమీటర్లకు తగ్గుతుంది. నాలుగు కిలోమీటర్ల కోసం రెట్టింపు నీళ్లు. అందుకని కరువుల నీళ్లతోనే ఉప్పును తరమడం చాలా ఖరీదైన పని.

అట్లని నీళ్లు పూర్తిగా బంద్ పెట్టినా తప్పే. 50 కిలోమీటర్ల పొడవు, సగటున 500 మీటర్ల వెడల్పు ఉన్న పాయ అనుకోండి. మే నెలలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే పోయేది 2 లక్షల ఘనపు మీటర్లు, అంటే దాదాపు 80 క్యూసెక్కులు. ఆవిరైన చోటును ఎవరో ఒకరు నింపాలి. పైనుంచి మంచినీరు రాకపోతే సముద్రమే నింపుతుంది. పాయ మీద నడిచే మోటార్లు తోడేది దీనికి అదనం. వదిలే నీరు కనీసం ఈ రెండింటి మొత్తానికి మించి ఉండాలి. దానికి తక్కువ ఎంత వదిలినా ఉప్పు ఆగదు, ఆ వదిలిన నీళ్లు మాత్రం నిజంగానే దండగ.

హాలియా_ఎడమకాల్వ · #4

మంచి లెక్క అన్నా, దండం. మరి 2023ల మిసిసిపీల నది అడుగున ఇసుకకట్ట ఏసి ఆపిన్రట కదా. గసొంటిది కృష్ణల పనిచేస్తదా?

వాడపల్లి_సంగమం · #5

పనిచేయదు. కారణం చెప్తాను.

అక్కడ నది అడుగు వందల కిలోమీటర్ల దాకా సముద్రమట్టం కన్నా లోతు. ఉప్పు అడుగునే నడుస్తుంది కాబట్టి అడుగున ఒక గడప కడితే దాని వెనక ఆగుతుంది, పైన మంచినీరు, ఓడలు పోతుంటాయి. నది అడుగు నుంచే ఇసుక తోడి ఆ గడప పోస్తారు. 1988, 1999, 2012, 2022, 2023 సంవత్సరాల్లో పోశారు. వరద వస్తే అదే కోసుకుపోతుంది, తీయాల్సిన పని లేదు. 2023 జూలైలో నీటి పైభాగం నుంచి 55 అడుగుల లోతు దాకా పోశారు. సెప్టెంబరులో ఉప్పు దాన్ని దాటింది. అప్పుడు 30 అడుగుల లోతు దాకా పెంచి, ఓడల కోసం 620 అడుగుల వెడల్పున పాత లోతునే వదిలారు. అయినా కింది ఊళ్లకు బార్జీల్లో మంచినీళ్లు తెచ్చి ప్లాంటు నీళ్లలో కలపాల్సి వచ్చింది, చిన్న ప్లాంట్లకు ఆర్వో యంత్రాలు బిగించారు. గడప ఆలస్యం చేస్తుంది, ఆపదు.

కృష్ణ కింది పాయల్లో లోతు లేదు, ఉప్పు అడుగున విడిగా లేదు, పైదాకా కలిసిపోయి ఉంది. గడప మీదుగా పోటు నీళ్లన్నీ దాటిపోతాయి. ఇక్కడ పనికొచ్చేది పూర్తిగా మూసి తెరిచే కట్టడమే. అంటే బ్యారేజీ, రెగ్యులేటరు, లేదా కరువు ఏడు వేసి తీసేసే అడ్డుకట్ట. ప్రకాశం బ్యారేజీ కింద చోడవరం దగ్గర, ఇంకా దిగువన అవనిగడ్డ ప్రాంతంలో కొత్త బ్యారేజీలు కావాలన్న ప్రతిపాదనలు ఇందుకే. కాలిఫోర్నియా డెల్టాలో 2015 కరువులో వెస్ట్ ఫాల్స్ రివర్ అనే పాయకు అడ్డంగా 750 అడుగుల రాతికట్ట పోసి, వానాకాలం ముందు తీసేశారు. 2021లో మళ్లీ పోశారు. మొత్తం డెల్టాను మూయలేదు. ఉప్పు లోపలికి దూరే ఒక్క దొడ్డిదారి మూశారు. దాంతో ఉప్పు తరమడానికి రిజర్వాయర్ల నుంచి వదలాల్సిన నీళ్లు మిగిలాయి. నీళ్ల పొదుపు కోణంలో నాకు అన్నింటికన్నా నచ్చిన పని ఇదే.

శాశ్వత కట్టడం వేస్తే వచ్చే తంటాలు కేరళలో చూడొచ్చు. వెంబనాడ్ సరస్సు మీద తన్నీర్‌ముక్కం బండు (గేట్లున్న కట్ట) డిసెంబరు నడుమ మూసి, మార్చి, ఏప్రిల్‌లో తెరుస్తారు. ఉప్పు ఆగింది, కుట్టనాడు వరి బతికింది. కానీ మూసిన నెలల్లో లోపలి నీరు కదలక గుర్రపుడెక్క కమ్మింది, ఎరువులు, పురుగుమందులు లోపలే నిలిచాయి, ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరిగే చేపలు, రొయ్యలు తగ్గాయి. మూసే తేదీ మీద వరి రైతుకూ మత్స్యకారుడికీ ఏటా పేచీ. కట్టే ముందే గేట్లు ఎన్ని రోజులు, ఏ ఉప్పు అంకె దగ్గర మూయాలో ఒప్పందం రాసుకోకపోతే ఏ బ్యారేజీకైనా ఇదే గతి.

గేటు_ఫిట్టర్_మిర్యాల · #6

పెద్ద బ్యారేజీల సంగతి పెద్దలు చెప్పిన్రు. నేను చిన్న షట్టర్ల గురించి చెప్తా, ఎందుకంటే ఉప్పు ఎక్కువగా దూరేది అక్కడే, తక్కువ పైసలతోని ఆగేదీ అక్కడే.

డ్రెయిన్ మూతికి పెట్టేది ఫ్లాప్ షట్టరు. పైన కీలు ఉంటది, పాటుకు (సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు) లోపలి నీళ్లు తోస్తే తెరుచుకుంటది, పోటుకు బయటి నీళ్లు తోస్తే మూసుకుంటది. మనిషి అక్కర లేదు, కరెంటు అక్కర లేదు. ఇది పాడయ్యేది మూడు చోట్ల. గుర్రపుడెక్క, కొబ్బరి మట్ట, సీసా ఏదైనా అంచుకు అడ్డం పడితే పలక పూర్తిగా ఆనదు. కీలు పిన్ను మామూలు ఇనుముది అయితే ఉప్పుల తుప్పు పట్టి సగం తెరిచిన దగ్గరనే పట్టేస్తది. రబ్బరు సీలు ఎండకు చిట్లుతది.

ఎంత నష్టమో లెక్క చూడున్రి. రెండు మీటర్ల వెడల్పు షట్టరు, కింద 5 సెంటీమీటర్ల సందు, బయటి నీళ్లు లోపలి కన్నా సగటున 30 సెంటీమీటర్లు ఎత్తు అనుకుందాం. ఆ సందులకెల్లి సెకనుకు దాదాపు 145 లీటర్లు లోపలికి వస్తయి. ఒక్క పోటు ఐదు గంటలు నడిస్తే 2,600 ఘనపు మీటర్లు. లీటరుకు 25 గ్రాముల ఉప్పున్న నీళ్లయితే 65 టన్నుల ఉప్పు. ఒక్క పోటుకు. రోజుకు రెండు పోట్లు. దాన్ని కడగడానికి పైనుంచి ఎన్ని క్యూసెక్కులు కావాల్నో పాలమూరు అన్న చెప్తడు గాని, ఆ సందు మూయడానికి రబ్బరు పట్టీ, నాలుగు బోల్టులు చాలు.

చేయాల్సింది: పిన్నులు, బుష్‌లు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలుల 316 రకం పెట్టాలె, 304 ఉప్పునీళ్లల గుంటలు పడతది. పలక మామూలు స్టీలు అయితే తుప్పు పూర్తిగా గీకి కోల్‌తార్ ఎపాక్సీ రెండు కోట్లు కొట్టాలె, దాని మీద జింకు దిమ్మెలు బిగిస్తే తుప్పు ముందు జింకును తింటది. స్టెయిన్‌లెస్ బోల్టు, మామూలు పలక నేరుగా తగిలితే పలక ఇంకా తొందరగా పోతది, నడుమ నైలాన్ వాషరు వేయాలె. ఎత్తే షట్టర్లకు మ్యూజిక్ నోట్ రబ్బరు సీలు వేస్తరు, దాని బుడిపె నీళ్లు తోసే దిక్కు ఉండాలె, తిరగేసి బిగిస్తే కారుతనే ఉంటది. ఇది చాలా చోట్ల చేసే తప్పు. షట్టరుకు ముందు మీటరు దూరంల చెత్తజాలి పెట్టి, డిసెంబరుల వరి కోతలు అయ్యేసరికి అన్నీ ఒకసారి ఎత్తి దించి చూడాలె. ఫిబ్రవరిల చూస్తే అప్పటికే ఉప్పు లోపల ఉంటది.

చందంపేట_రైతు · #7

చిన్న పాయకు ఇసుక బస్తాలు వేసి కట్ట కట్టుకుంటే సరిపోదా? రెండు రోజుల పని.

వాడపల్లి_సంగమం · #8

కడితే రెండు రోజుల్లోనే పోతుంది కూడా. ఇసుక మీద కట్టే కట్ట పైనుంచి పొంగి పోవడం కన్నా కిందినుంచి ఊట తవ్వుకుని పోవడమే ఎక్కువ. కట్ట కింద నీరు నడిచే దారి పొడవుకు పాత బ్లై నియమం ఉంది. సన్న అభ్రకపు ఇసుకలో నీటి ఎత్తు తేడాకు 15 రెట్లు, గరుకు ఇసుకలో 12 రెట్లు, బురద కలిసిన పలుచని ఇసుకలో 18 రెట్లు. రెండు వైపులా మట్టం తేడా ఒక మీటరు అనుకుంటే సన్న ఇసుకలో కట్ట పాదం 15 మీటర్లు ఉండాలి. బస్తాల వరుస రెండు మీటర్లు ఉంటుంది. అందుకే పోతుంది.

తాత్కాలికంగా కట్టాలంటే ఇట్లా. పాయ అడుగున మెత్తటి బురద తీసి, సరుగుడు గుంజలు రెండు వరుసలు, వరుసల మధ్య రెండు మీటర్లు, మీటరుకు రెండు గుంజలు, గట్టి పొర తగిలేదాకా దిగగొట్టాలి. రెండు వరుసలకూ లోపలి వైపు తడికలు కట్టి, మధ్యలో బంకమన్ను అడుగు మందం పొరలుగా పోసి తొక్కాలి, ఇసుక కాదు. అడుగున దారి పొడవు చాలకపోతే ఉప్పు వైపున పాదం నుంచి మందమైన పాలిథీన్ గుడ్డ పరిచి మట్టి బస్తాలతో అణచాలి. అడుగు ఇసుకైతే కట్ట కింద నిలువుగా పలక కొడితే ఆ లోతు రెండు వైపులా లెక్కలోకి వస్తుంది. కట్ట తల అమావాస్య, పున్నమి పోటుకు పైన కనీసం 60 సెంటీమీటర్లు. ఒక పక్క ఫ్లాప్ ఉన్న తూము తప్పకుండా పెట్టాలి, లేకపోతే ఒక అకాల వానకే లోపలి మురుగు పొలాల మీదికి వచ్చి జనమే కట్ట తెంపుతారు. జూన్ మొదటి వారం లోపు తీసేసే బాధ్యత ఎవరిదో ముందే రాసి పెట్టుకోవాలి. త్రిసూరు, కుట్టనాడు ప్రాంతాల్లో ఏటా ఇలాంటి కట్టలు కడతారు, అక్కడ దాని పేరు ఓరుముట్టు. మన డెల్టా డ్రెయిన్లకూ బాగానే సరిపోతుంది.

డిండి_నీటిపరీక్ష · #9

ఇంతసేపు ఉప్పు ఎక్కింది, దిగింది అంటున్నారు గానీ, ఎట్లా కొలుస్తారో ఎవరూ చెప్పలేదు. కొలత తప్పైతే మీ గేట్లు, క్యూసెక్కులు అన్నీ తప్పే.

ఈసీ మీటరు చాలు. నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో అది మైక్రోసీమెన్స్‌లో చూపిస్తుంది, ఉప్పు పెరిగితే అంకె పెరుగుతుంది. దానికి 10 మీటర్ల తీగ, చివర బరువు ఉండాలి. రోజూ వాడే ముందు 1,413 మైక్రోసీమెన్స్ ద్రావణంలో సరిచూడాలి. ఉప్పు ఎక్కువున్న చోట 12,880 ద్రావణంతో రెండో సారి. చేతి మీటర్లు చాలావరకు మంచినీటికి తయారైనవి, 20,000 దాటితే అంకె అక్కడే నిలిచిపోతుంది, అది నీటి అంకె అనుకోవద్దు. నీటి వేడి డిగ్రీకి దాదాపు రెండు శాతం మారుస్తుంది కాబట్టి 25 డిగ్రీలకు సర్దే మీటరే కొనాలి. ప్రోబు దించేటప్పుడు గాలిబుడగ పట్టుకుంటే అంకె తక్కువ చూపిస్తుంది, రెండు మూడు సార్లు ఆడించి వదలాలి. పైన అడుగు లోతున ఒకటి, మధ్యన ఒకటి, అడుగుకు 30 సెంటీమీటర్ల పైన ఒకటి. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే కలిసిపోయిన ఉప్పు, కిందిది రెట్టింపో మూడింతలో ఉంటే మేకు ఉప్పు.

ఎప్పుడు కొలవాలి అన్నదే అన్నింటికన్నా పెద్ద తప్పు జరిగే చోటు. పోటు నిండి నిలిచిన వేళ ఉప్పు ఎక్కువ, పాటు నిలిచిన వేళ తక్కువ. ఈ రోజు పొద్దున ఎనిమిదికి, రేపు పొద్దున ఎనిమిదికి కొలిస్తే పోల్చలేరు. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు జరుగుతుంది. ఎప్పుడూ పోటు నిండిన వేళకే కొలవాలి.

క్లోరైడ్ కచ్చితంగా కావాలంటే సిల్వర్ నైట్రేట్ పరీక్ష. 50 మిల్లీలీటర్ల నీళ్లు, పొటాషియం క్రోమేట్ చుక్కలు, 0.0141 నార్మల్ సిల్వర్ నైట్రేట్. పసుపు ఇటుక రంగులోకి తిరిగేదాకా పోసిన ప్రతి మిల్లీలీటరుకు లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరైడ్. ముందుగా స్వేదనజలంతో ఒకసారి చేసి ఆ అంకె తీసేయాలి. పీహెచ్ 7 కన్నా తక్కువ ఉంటే రంగు సరిగా తిరగదు. తాగునీటికి క్లోరైడ్ 250 దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 1,000 దాకా బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఒప్పుకుంటుంది. సముద్రపు నీళ్లలో అది 19,000. అంటే వంద లీటర్ల మంచినీళ్లలో లీటరున్నర సముద్రపు నీరు కలిస్తే 250 దాటిపోతుంది.

మర్రిగూడ_బోరు · #10

సార్, మా బోరు నీళ్లు గూడ ఎండాకాలం ఉప్పగనే ఉంటయి. ఇది గూడ సముద్రపు ఉప్పేనా? ఊర్ల కొందరు గట్లనే అంటున్నరు.

డిండి_నీటిపరీక్ష · #11

కాదు. మీది గ్రానైట్ నేల, సముద్రపు నీరు మీ బోరు దాకా వచ్చే దారే లేదు. రుజువు కావాలంటే సోడియం, క్లోరైడ్ రెండూ పరీక్ష చేయించండి. సోడియం అంకెను 23తో, క్లోరైడ్ అంకెను 35.5తో భాగించి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. సముద్రపు నీటికి 0.86 వస్తుంది. రాయి కరిగి వచ్చిన ఉప్పయితే సాధారణంగా ఒకటికి మించుతుంది. ఉదాహరణకు సోడియం 180, క్లోరైడ్ 210 ఉంటే 1.3 వస్తుంది. మురుగు కలిస్తే క్లోరైడ్‌తో పాటు నైట్రేట్ కూడా పెరుగుతుంది, దాన్ని బట్టి తేల్చుకోవచ్చు.

మీ దగ్గర ఉప్పు కన్నా ఫ్లోరైడ్ ముందు చూడాలి. వానలు లేక మట్టం దిగితే లోతు పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచిన నీళ్లు వస్తాయి, సోడియం ఎక్కువ, కాల్షియం తక్కువ, ఫ్లోరైడ్ ఎక్కువ. తాగడానికి 1 మిల్లీగ్రాము మంచిది, 1.5 దాటకూడదు. మన జిల్లా పేరుతోనే ఉన్న నీరీ (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) వారి నల్లగొండ పద్ధతి, అంటే పటిక, సున్నం వేసి తేర్చడం, ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది, ఉప్పును తగ్గించదు. పటిక వల్ల సల్ఫేట్ ఇంకొంచెం పెరుగుతుంది కూడా. ఉప్పూ ఫ్లోరైడూ రెండూ ఉంటే ఆర్వో తప్పదు. ఆర్వో వదిలేసే నీళ్లను బోరు పక్కనో చెరువులోనో పోయొద్దు, అదే మళ్లీ కిందికి ఇంకి మీ దగ్గరికే వస్తుంది. తాగడానికి భగీరథ నీళ్లు వస్తే అవే వాడండి.

హాలియా_ఎడమకాల్వ · #12

నీళ్లు ఇడిసేది ఉంటే అమావాస్యకు ఇడవాల్నా, అష్టమికి ఇడవాల్నా? దీని మీద రెండు రకాలుగ వింటున్న.

పాలమూరు_నీటిలెక్క · #13

రెండూ నిజమే, నది రకాన్ని బట్టి. ఉప్పు అడుగున మేకులా ఉన్న లోతైన నదిలో అష్టమి, నవమి నాటి చిన్న పోట్లప్పుడు కలియబెట్టడం తగ్గి ఉప్పు ఎక్కువ దూరం ఎక్కుతుంది. లోతు తక్కువైన, కలిసిపోయిన పాయలో అమావాస్య, పున్నమి పెద్ద పోట్లే ఎక్కువ దూరం తోస్తాయి. డిండి సార్ చెప్పిన మూడు లోతుల కొలత చూసి నిర్ణయించాలి. కృష్ణ కింది పాయల్లాంటి చోట పున్నమికి రెండు రోజుల ముందు నీళ్లు అక్కడికి చేరేట్టు లెక్క వేసుకోవాలి. సాగర్ నుంచి ఇడిసిన నీళ్లు 200 కిలోమీటర్లు నడవాలి, దారిలో పులిచింతల ఆపుకుంటుంది. కాబట్టి ఆ సమయానికి వదిలే పని పులిచింతల నుంచో, బ్యారేజీ నుంచో చేయాలి తప్ప సాగర్ నుంచి కాదు. పాటు మొదలైనప్పుడు గేట్లు ఎత్తి, పోటు మొదలయ్యేసరికి దించితే అవే నీళ్లు ఎక్కువ పనిచేస్తాయి.

ఇంకోటి. లోతు. ప్రవాహం తగ్గడం కన్నా నది లోతు పెరగడమే ఉప్పు చొరబాటును ఎక్కువ పెంచుతుంది. మెకాంగ్ డెల్టాలో ఇసుక తవ్వి అడుగు దిగిపోవడం వల్ల, ఎగువ ప్రవాహం మారకపోయినా ఉప్పు లోపలికి జరుగుతోంది. 2016 కరువులో చైనా జింగ్‌హోంగ్ డ్యామ్ నుంచి మార్చి, ఏప్రిల్‌లో అదనంగా నీళ్లు వదలాల్సి వచ్చింది. మన దగ్గర కూడా కృష్ణ కింది భాగంలో ఇసుక తవ్వకాలను నీళ్ల పంచాయితీలో భాగంగా చూడాలి. పైన మనం ఆన్ ఆఫ్ పెట్టి మిగిల్చిన నీళ్లను కింద గుంతలు తినేస్తే ఎవరికీ న్యాయం కాదు. ఈ విషయంలో నేను గట్టిగా చెప్తా: గేటు కట్టడం కన్నా ముందు పోటు పారే పాయలో ఇసుక తవ్వడం ఆపాలి.

గేటు_ఫిట్టర్_మిర్యాల · #14

పాయల మోటారు పెట్టేటోళ్లకు ఒక మాట. ఫుట్‌వాల్వు అడుగున వదలొద్దు. ఖాళీ డ్రమ్ముకు సక్షన్ పైపు కట్టి, మూతి నీటి పైభాగం నుంచి 30, 40 సెంటీమీటర్ల లోతున ఉండేట్టు తేలేయాలె. ఇంకా పైకి పెడితే గాలి గుంజుతది. మేకు ఉప్పున్న చోట పది హెచ్‌పీ మోటారు ఒకటి నడిపితే అడుగు ఉప్పును పైకి గుంజుకుంటది, మూడు హెచ్‌పీవి మూడు దూరం దూరంగ పెడితే గుంజదు. పాటు చివరి రెండు గంటలు తోడి చెరువుల నింపుకోవాలె, పోటుకు బంద్ పెట్టాలె. ఈసీ ప్రోబుకు రిలే కట్టి, అంకె దాటంగనే స్టార్టరు ట్రిప్ అయ్యేట్టు పెట్టుకుంటే రాత్రి కాపలా అక్కర లేదు. ప్రోబుకు వారానికోసారి పాచి గీకకపోతే తక్కువ చూపిస్తది, ఆ సంగతి మరవొద్దు.

చందంపేట_రైతు · #15

ఏ అంకె దాటితే వరికి ఆపాలె?

డిండి_నీటిపరీక్ష · #16

నీళ్ల ఈసీ 700 మైక్రోసీమెన్స్ లోపు ఉంటే ఏ పంటకైనా పెట్టొచ్చు. వరికి 2,000 దాకా దిగుబడి తగ్గదు. నేల ఈసీ 3,000 దాటాక ప్రతి వెయ్యికీ 12 శాతం చొప్పున దిగుబడి పడిపోతుంది. నారు దశలో, పొట్ట నుంచి పూత దాకా వరి ఉప్పుకు చాలా సున్నితం. నడుమ పిలక దశలో కొంత ఓర్చుకుంటుంది. అందుకని ఉన్న మంచినీళ్లు నారుమడికి, పొట్ట దశకు దాచుకుని, కొంచెం ఉప్పు నీళ్లు పిలక దశలో పెట్టాలి. 2,000 ఉన్న నీళ్లు పెట్టేటప్పుడు పంటకు కావాల్సిన దానికన్నా 15 శాతం ఎక్కువ పెట్టి ఉప్పును వేళ్ల కిందికి దించాలి, మురుగు పోయే దారి ఉంటేనే. మురుగు లేని మడిలో ఆ 15 శాతం కూడా చౌడు పెంచుతుంది. నల్లరేగడిలో సోడియం ఎక్కువున్న నీళ్లు పెడితే నేల గట్టిపడి నీళ్లు ఇంకవు, అప్పుడు భూసార పరీక్ష చేయించి ఆ అంకె ప్రకారం జిప్సం వేయాలి.

తాగునీటి చెరువులకు ఇంకో లెక్క ఉంది. మూడు మీటర్ల లోతున నింపిన చెరువులో మే చివరికి ఒక మీటరు ఆవిరైతే, తోడకపోయినా ఉప్పు ఒకటిన్నర రెట్లు అవుతుంది. 400 క్లోరైడ్‌తో నింపితే 600 తాగాల్సి వస్తుంది. కాబట్టి చివరికి 250 దాటొద్దంటే నింపేటప్పుడే 165 లోపు ఉన్న నీళ్లతో నింపాలి. కాలువ బంద్ అయ్యే చివరి రెండు మూడు రోజుల నీళ్లు తీసుకోకూడదు. ప్రవాహం తగ్గిన కాలువలో పక్క మురుగు ఊరి ఈసీ అప్పుడే పెరుగుతుంది. అందుకని కాలువ మూసే తేదీ తెలిసిన రోజే చెరువు తూము దగ్గర కొలవడం మొదలుపెట్టి, అంకె పెరగడం మొదలైన పూట తూము మూసేయాలి.